వైరాలో పోసిన నీళ్లు

దుమ్ముగూడెం
ఆగస్టు 12

తమ్ముడు దానియేలుకు,

నా పేరు ఇనపనూరి సలోమమ్మ. వయసు డెబ్బై నాలుగు. ఆధార్ కార్డులో ఇంకాస్త ఎక్కువే వేశారు. ఇంట్లో నేను, అంగన్వాడీ టీచరుగా చేసే నా కూతురు కరుణ, రెండు మేకలు. మా ఆయన సమాధుల దొడ్డిలో ఉన్నాడు, ఆయన్నీ ఇంటిమనిషి కిందే వేసుకో. ఇవన్నీ నాకు తెలియవా అంటావు. తెలుసు. కాని ఇది యోగక్షేమాల ఉత్తరం కాదు, నా కేసు. కేసు చెప్పుకునేవాళ్లు ముందు తామెవరో చెప్పుకోవాలి.

నాకు అక్షరం రాదు కాబట్టి చెప్పేది నేను, రాసేది మా వీధిలో మిషను కుట్టే షాహీన్. కరుణ చేత రాయించవచ్చు గాని, నా మాటల్లో కారం ఉన్నవన్నీ అది మింగేస్తుంది. షాహీన్ సాయిబుల పిల్ల, దానికి ఈ తగాదాలో ఏ పక్షమూ లేదు. ఒక్కటే తెగులు. నేను "అన్నడు" అంటే అది "అన్నాడు" అని రాస్తుంది. చదువుకునే రోజుల్లో తెలుగులో ఫస్టు మార్కులట. ఎవరు ఏమన్నారో ఆ మాటలు మాత్రం అన్నట్టే దించమని, తక్కినదానికి పోనీలే అని ఊరుకున్నాను.

ఫోను చేయొచ్చు గదా అంటావేమో. ఫోనులో నువ్వు మధ్యలో అడ్డం వస్తావు. కాగితం మీద ఎట్లా వస్తావో చూస్తాను.

ఇక జరిగింది విను. నీ భార్య నిర్మల పోయి ఏడాదైందని పోయిన నెల నీ ఇంటికి వచ్చాను కదా. కొత్తగూడెంలో బస్సు మారి, జూలూరుపాడు దాకా నిలబడే వచ్చాను. మీ బౌద్ధ భిక్షువు, అదే మీ భంతే, ఎర్రమట్టి రంగు గుడ్డ కప్పుకుని వచ్చి కూర్చున్నాడు. ఆయన ఏదో చదువుతుంటే నువ్వు ఇత్తడి చెంబుతో గిన్నెలోకి సన్నగా నీళ్లు పోయాలి. చదవడం అయ్యేదాకా ధార తెగకూడదు. ఆ పుణ్యం పోయినవాళ్లకు చేరుతుందని మీ లెక్క. దుఃఖంతో నీ చేయి వణికింది. మీకు పిల్లలు లేరు, పక్కన పట్టుకునేవాళ్లు లేరు. నేను లేచి వచ్చి నీ చేతి కింద నా చేయి పెట్టాను. ఇద్దరం కలిసి పోశాం. అంతే.

నీ పక్కింటివాడెవడో దాన్ని సెల్లులో పట్టాడు. అది ఏయే ఊళ్లు తిరిగిందో, చివరికి మా సంఘ పెద్ద కోటేష్ ఫోనులోకి వచ్చి పడింది. వెనక బుద్ధుడి బొమ్మ, ముందు నేను, నా చేతిలో చెంబు. ఆదివారం గుడిలో అందరి ముందు ఆ ఫోను ఎత్తి చూపించాడు.

"ఏంది సలోమమ్మా ఇది? అన్యదేవునికి నీళ్లు పోస్తున్నవా?"

"దేవునికి కాదు, గిన్నెల పోసిన," అన్నాను.

అందరూ నవ్వారు. కోటేష్ నవ్వలేదు. సంజాయిషీ ఇచ్చేదాకా నాకు ప్రభువు బల్లలో పాలు లేదన్నారు. రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు. పెళ్లయి ఈ ఊరు వచ్చిన దగ్గర్నుంచి ఆ బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికేది నేనే. అది కూడా నా ఇంట్లోంచి తీసుకుపోయి కోటేష్ భార్యకు ఇచ్చారు. ఆమె నీలిమందు గుమ్మరించి దాన్ని బడిపిల్లల చొక్కా చేసింది.

తమ్మీ, ఇది నవ్వుతూ చెప్పడం లేదు. నేను ఎప్పుడైనా పోవచ్చు. ఆ బల్లకు దూరమై మాత్రం పోలేను.

కాబట్టి నువ్వొక పని చెయ్యి. బౌద్ధంలోకి పోయిన నాటి నుంచి దేవుడు లేడు, దేవుడు లేడు అని జోరీగలాగా నా చెవిలో పోరుతున్నావు. ఆ ముక్క ఇప్పుడు కాగితం మీద పెట్టు. "మాకు దేవుడు లేడు, బుద్ధుడు దేవుడు కాడు" అని రాసి సంతకం చేసి పంపు. దేవుడే లేని ఇంట్లో అన్యదేవుణ్ణి నేనెట్లా కొలుస్తాను? దాంతో కోటేష్ నోరు మూతపడాలి.

జల్దీ పంపు. భద్రాచలం దగ్గర గోదావరి మొదటి హెచ్చరిక దాటింది. రోడ్డు మునిగితే పోస్టు కూడా రాదు.

నీ అక్క
సలోమమ్మ


వైరా
ఆగస్టు 23

అక్కకు,

జై భీమ్ అంటే నీకు కోపం, వందనాలు అంటే నాకు మొహమాటం. అందుకని దండాలు.

నీ కేసు చదివాను. ఇన్నేళ్లలో నా ధర్మం నీకు పనికి రావడం ఇదే మొదలు. నేను దీక్ష తీసుకున్న రోజు నువ్వేమన్నావో గుర్తుందా? "గొడుగు పోగొట్టుకొని వచ్చినట్టు దేవున్ని పోగొట్టుకొని వచ్చిండు" అన్నావు. ఇప్పుడు ఆ పోగొట్టుకున్నదానికి రసీదు కావాలంటున్నావు. వేరే కాగితం మీద రాసి, సంతకం చేసి పెట్టాను. ఆధార్‌లో నేను ఇంకా దానియేలునే కాబట్టి మీ పెద్దలు కూడా నమ్ముతారు.

నిజానికి ఆ కాగితంలో రాసినదాంట్లో అబద్ధం లేదు. ఈ లోకాన్ని బుద్ధుడు చేయలేదు. ఆయన పాపాలు క్షమించడు, పిలిస్తే పలకడు. ఇదిగో దారి, నడిస్తే మీరే నడవాలి అని చెప్పి వెళ్లిపోయిన మనిషి. ఆయన ముందు పువ్వు పెట్టేది ఆయనకు వాసన ఇష్టమని కాదు. పొద్దుగూకేసరికి అది వాడిపోతుంది, నువ్వూ అంతేరా అని మాకు మేము చెప్పుకోవడానికి. మరి తల ఎందుకు వంచుతారంటావు. పాఠం చెప్పిన పంతులుకు దండం పెట్టమా? కాలువ మీద నీళ్లు వదిలే లష్కరుగా ఉన్నన్నాళ్లూ పొద్దున్నే ఇంజనీరుకు దండం పెట్టాను. ఆయన్ని దేవుడనుకున్నానా? సంతకం పెడితే చాలనుకున్నాను.

మీ సంగతి వేరు. మీకు వినేవాడొకడు కావాలి. నువ్వు ప్రార్థన చేస్తుంటే నేను పక్క మంచం మీద పడుకుని విన్నాను. "ప్రభువా, మేకకు నయం చెయ్యి. తెల్లది కాదు ప్రభువా, నల్లది, చెవి తెగిందే అది" అన్నావు. అన్నీ తెలిసినవాడికి ఆనవాళ్లెందుకక్కా? అడిగిందే మళ్లీ అడుగుతావు, మళ్లీ గట్టిగా అడుగుతావు. ఆయనకేమన్నా చెవుడా?

కోప్పడకు. నువ్వు అంత గట్టిగా ఎవరితోనో మాట్లాడుతుంటే ఇల్లు నిండుగా ఉన్నట్టు ఉంటుంది. నా ఇంట్లో నేను కళ్లు మూసుకుని ఊపిరి చూసుకుంటూ కూర్చుంటాను. చప్పుడల్లా గోడ గడియారానిదే.

నా చేయి సంగతి పట్టించుకోకు. ఈ ఉక్కపోత తగ్గితే అదే సర్దుకుంటుంది. రిజర్వాయరు నిండింది. ఇక్కడ చేపలు చవక. నాకు మాంసం వద్దని నువ్వు తెచ్చిన మామిడికాయ పచ్చడే తింటున్నాను.

నీ తమ్ముడు
దానియేలు


దుమ్ముగూడెం
సెప్టెంబరు 20

దానియేలూ,

నీ కాగితం నన్ను బావిలోంచి తీసి గోదాట్లో పడేసింది.

వరద తీశాక పెద్దలు కూర్చున్నారు. నీ కాగితం మా పాస్టరు గారి చేతిలో పెట్టాను. జయప్రకాశ్ అని కుర్రాడు, సత్తుపల్లి వైపు మనిషి, మాట మెత్తన. ఆయన చదివి వినిపించాడు. నేను కోటేష్ ముఖం వైపే చూస్తున్నాను, ఎప్పుడు మాడుతుందా అని. మాడలేదు. పైగా వెలిగింది.

"ఇన్నరా అయ్యగారూ? అన్యదేవుడైతే ఒక్క పాపం. అసలు దేవుడే లేడన్నోల్ల ఇంట్ల చేయి కలిపిందంటే రెండు పాపాలు."

"ఒకటి తీసెయ్ కోటేషూ," అన్నాను. "రెండూ ఎట్లయితయ్? ఇంకో దేవుడు ఉన్నడని పోసిన్నా, ఎవడూ లేడని పోసిన్నా? ఏదో ఒకటి తేల్చు."

"గది నువ్వే తేల్చాలె. పోసింది నువ్వు."

అప్పుడు పాస్టరు గారు అడిగాడు: "అమ్మా, ఆ నీళ్లు ఎవరి కోసం పోశారు?"

"నా మరదలి కోసం."

"పోయినవాళ్ల కోసం మనం ఏం చేసినా వాళ్లకు చేరదు గదమ్మా. వాళ్ల సంగతి దేవుడి చేతిలో ఉంటుంది."

నిజమే. నేనూ అదే నమ్ముతాను, చచ్చేదాకా నమ్ముతాను. కాని ఇంటికి వచ్చాక ఒకటి తోచింది, చెప్తాను విను. మా దగ్గర మనిషి పోయాక ఆ మనిషికి చేయడానికి మాకు పనేమీ మిగలదు. పెట్టెలో పెట్టి, పాట పాడి, ఆయనకు అప్పగించి వస్తాం. ఇక ఆయనే చూసుకుంటాడు. మంచిదే. కాని చేతులు ఊరుకోవు గదా. మా ఆయన పోయిన కొత్తలో నా చేతులు చాలా రోజులు ఆయన బియ్యం కూడా కొలిచి పోసేవి. మీ దగ్గర చేతులకు పనుంది, చెంబు పట్టుకోవచ్చు. కాని ఆ చెంబు ఖాళీ అయ్యాక మనిషిని ఎవరికి అప్పగించి ఇంటికి పోతారు? అక్కడెవరూ లేరాయె. మాకు అప్పగించడానికి ఒకడున్నాడు, చేయడానికి పని లేదు. మీకు పనుంది, అప్పగించడానికి ఎవరూ లేరు. ఈ రెండిట్లో ఏది కష్టమో నువ్వే చెప్పు, చదువుకున్నవాడివి.

ఇది చెప్తుంటే షాహీన్ రాయడం ఆపేసి, "మా నానీ పోయినప్పుడు నాక్కూడ గిట్లనే అనిపించింది అమ్మమ్మా," అంది. "నీ సంగతి ఇంకో కాగితం మీద రాసుకో, ఇది నా కేసు," అన్నాను. అన్నాక దానికి చాయ్ పోసిచ్చాను.

ఇక తీర్పు. నవంబరులో మొదటి ఆదివారం నేను గుడిలో అందరి ముందు నిలబడాలట. "విగ్రహం ముందు నీళ్లు పోశాను, తప్పైంది, ఇకమీదట తమ్ముడింట్లో అటువంటి పనులకు పోను" అనాలట. ఆ మాట అంటే ఆ పూటే నాకు బల్ల. పాస్టరు గారికి ఇది ఇష్టం లేనట్టే ఉంది గాని, కొత్తగా వచ్చినవాడు, పెద్దలను కాదనలేకపోయాడు. కరుణ నా వెంట పడి బతిమాలుతోంది: "ఒక్క మాట అంటే పోయేదేందే అమ్మా? మామకు మాత్రం తెల్వదా నీ సంగతి?" నేనింకా ఏమీ చెప్పలేదు. నిన్ను సలహా కూడా అడగడం లేదు. ఊరికే చెప్తున్నాను.

ఇంకోటి. నీ రాత కోడి గెలికినట్టు ఉందని షాహీన్ అంటోంది. లష్కరు ఉద్యోగంలో నీ రాత చూసి ఇంజనీర్లే మెచ్చుకున్నారని నిర్మల మురిసిపోయేది. తాగుతున్నావా? మీ పంచశీలలో తాగకూడదని నువ్వే గదా నాకు పాఠం చెప్పావు. నిజం రాయి.

సలోమమ్మ


వైరా
అక్టోబరు 5

అక్కా,

తాగడం లేదు. తాగి ఉంటే బాగుండేది, మానేస్తే పోయేది.

ఇది వణుకు జబ్బు. ఖమ్మం దవాఖానాలో డాక్టరు దానికేదో ఇంగ్లీషు పేరు చెప్పాడు. నిర్మల ఉండగానే మొదలైంది, కుడి చేతిలో. మందులు కొంత అదుపు చేస్తాయి గాని పోగొట్టవట. ఆ రోజు చెంబు వణికింది దుఃఖానికి కాదు. దుఃఖం అనుకుంటావని తెలిసే ఊరుకున్నాను. దుఃఖమైతే తగ్గుతుందని నీకు ధైర్యం ఉంటుంది గదా. నువ్వు వచ్చి పట్టుకోకపోతే చెంబు నేల మీద పడేది. ఇప్పుడు గ్లాసులో చాయ్ సగమే పోసుకుంటున్నాను. ఇంకే తేడా లేదు. చొక్కా గుండీలు మాత్రం కొంచెం సతాయిస్తున్నాయి.

ఇక నీ తీర్పు సంగతి. అక్కా, ఆ మాట అనేసెయ్యి. నాకేమీ బాధ లేదు. బుద్ధుడికి అసలే లేదు. నువ్వు కాదన్నంత మాత్రాన ఆయనకు పోయేదేముంది? రోషం గల దేవుడు మీ వాడు. రోషం ఉన్నవాడితోనే మనిషి జాగ్రత్తగా ఉండాలి. అమ్మ నిన్ను మొదటిసారి ఆ బల్ల దగ్గరికి తీసుకుపోయిన రోజు నువ్వు కొత్త లంగాకు మట్టి అంటకుండా ఎత్తిపట్టుకుని నడిచావు. అది నేను చూశాను. ఆ బల్ల నీకు ఎంతో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. నా చెంబు కోసం నువ్వు దాన్ని వదులుకుంటే, నేను ఏ ధ్యానంలో కూర్చున్నా అదే కనిపిస్తుంది.

వచ్చే ఏడు నీళ్లు పోయడమే మానేస్తాను. భంతే గారిని అడిగాను. మనసులో తలుచుకుంటే చాలు, చెంబు లేకపోయినా ఫర్వాలేదన్నారు. కాబట్టి నువ్వు రానని ఒట్టు పెట్టినా నష్టం లేదు.

ఏది కష్టమని అడిగావు. నవ్వులాటకు జవాబు రాద్దామనుకున్నాను, రాలేదు. గ్లాసు చేతిలో ఆగనప్పుడు "నాకే ఎందుకు" అని ఎవరినైనా నిలదీయాలనిపిస్తుంది. నిలదీయడానికి నాకెవరూ లేరు. అప్పుడు కూర్చుని ఆ చేతినే చూస్తాను. ఇది నేను కాదు, ఇది నా మాట వినదు, ఇదీ మారుతుంది, పోతుంది అనుకుంటాను. కొన్ని రోజులు తేలికవుతుంది. కొన్ని రోజులు కాదు. నీ దగ్గర అబద్ధమెందుకు.

పోయి ఆ మాట అను. ద్రాక్షరసం నా పేరు మీద ఇంకో గుక్క తాగు. మీ దాంట్లో మత్తు ఉండదు కాబట్టి నా శీలానికి భంగం లేదు.

దానియేలు


దుమ్ముగూడెం
నవంబరు 4

నా తమ్ముడు దానియేలుకు,

నీ ఉత్తరం షాహీన్ సగం చదివి ఆగిపోయింది. చదవవేం అని దాన్ని తిట్టాను. నువ్వు దగ్గర లేవు, ఎవర్నో ఒకర్ని తిట్టాలి గదా. నిర్మల ఉండగానే మొదలైతే ఇన్నాళ్లు నాకు చెప్పవా? ఆ రోజు నా అరచేతిలో నీ చేయి రిజర్వాయరులో పట్టిన చేప లాగా కొట్టుకుంటుంటే, నా తమ్ముడు పెండ్లాం మీద ఎంత దిగులు పెట్టుకున్నాడో అని బస్సులో కొత్తగూడెం దాకా ఏడ్చాను. ఆ ఏడుపు నాకు బాకీ ఉన్నావు.

నిన్న ఆదివారం. గుడి నిండిపోయింది. మామూలప్పుడు రానివాళ్లు కూడా వచ్చారు, సలోమమ్మ తల వంచుతుందంటే చూడాలని. కోటేష్ ముందు వరుసలో కూర్చున్నాడు. పాస్టరు గారు "చెప్పండమ్మా" అన్నాడు. నిలబడి చెప్పాను. ఇది కూడా నేను అన్నది అన్నట్టే రాయమని షాహీన్‌కు చెప్పాను, దిద్దితే చెవి మెలేస్తానన్నాను.

"చెంబు పట్టుకున్న. నీళ్లు పోసిన. దొంగతనంగ కాదు, అందరి ముందట పోసిన."

"తప్పైందని అను సలోమమ్మా," అన్నాడు కోటేష్.

"ఆగు, ఇది నా వంతు. నా తమ్మునికి వణుకు జబ్బు. నాక్కూడ మొన్ననే తెలిసింది. ఆ పూట చెంబు చేతులకెల్లి జారిపోతాంది. పెండ్లాం పేరు మీద పోసే నీళ్లు నేలపాలైతే బతికినన్ని దినాలు గదే తల్సుకుంట కూసుంటడు. ఉరికి పట్టుకున్న. నేను పట్టుకున్నది మీ ఫోన్ల పడ్డది. నేను అన్నది పడలే. యేసయ్యా, నా తమ్ముని చెంబు పడనియ్యకు అన్న. లోపల్లోపల, ఆల్లకు ఇనబడకుంట. ఆల్లకు దేవుడు లేడు, కాగితం మీద రాసిచ్చిండు, మీరే సదివిన్రు. మరి ఆ ఇంట్ల ఆ పూట దేవున్ని పిలిచింది నేనొక్కదాన్నే. పూజ ఎవరికైనట్టో మీరే చెప్పున్రి."

ఆడవాళ్ల వైపు, తండా నుంచి గుడికి వచ్చే లంబాడీ ద్వాలి లేచింది. "చెంబు పడ్డదా మల్ల?"

"పడలే."

"అయితే యేసయ్య ఇన్నడు," అని కూర్చుంది.

గుడంతా గొల్లున నవ్వింది. పాస్టరు గారు పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కోటేష్ మటుకు బిగదీసుకునే ఉన్నాడు. మొండి మనిషే గాని కపటం లేదు, తను నమ్మిందే అడిగాడు.

"అయిందేదో అయింది. ఇగ పోనని ఒట్టు పెట్టు. గది చాలు."

తమ్మీ, అక్కడ ఆగాను. ఎదురుగా బల్ల ఉంది. రొట్టె మీద గుడ్డ కప్పి ఉంది. ఒక్క మాట అంటే ఆ గుడ్డ నాకు తీస్తారు. నువ్వు కూడా అనమనే రాశావు. కరుణ నా కొంగు పట్టుకుని లాగుతోంది.

"పోత," అన్నాను. "వచ్చే ఏడు పోత. ఆ పైయేడు గూడ పోత. ఆయన చేయి నయం కాదని డాక్టరు చెప్పిండు. నాకు బల్ల గావాలె. అది లేకుంట నాకు సావు గూడ మంచిగ రాదు. కాని గీ ఒట్టు పెట్టి తింటే ఆ రొట్టె నా గొంతుల దిగదు. ఇగ మీ ఇష్టం."

అని కూర్చున్నాను.

పాస్టరు గారు బల్ల దగ్గరికి వెళ్లి రొట్టె మీది గుడ్డ తీశాడు. తర్వాత అన్నాడు: "ఈ బల్ల నాది కాదు. కోటేష్ గారిది కూడా కాదు. భోజనానికి పిలిచినాయన వేరే ఉన్నాడు. వచ్చినవాళ్లను గుమ్మంలో ఆపమని ఆయన నాకు చెప్పలేదు. రండమ్మా."

వెళ్లాను. తిన్నాను, తాగాను. నీ పేరు మీద ఇంకో గుక్క అడగలేదు, ఇవ్వరు కూడా. కోటేష్ లేచి బయటికి వెళ్లిపోయాడు, అతని వెంట ఇంకొందరు వెళ్లారు. భార్య మాత్రం కదల్లేదు. బల్లగుడ్డ ఉతికే పని ఇంకా ఆమె దగ్గరే ఉంది. నీలం రంగు బల్ల మీద ప్రభువు భోజనం చేసినదాన్ని ఈ జిల్లాలో నేనే అయ్యుంటాను.

పై వాళ్లకు రాస్తానని కోటేష్ అంటున్నాడట. రాయనీ. రేపు ఎవరైనా వచ్చి అడిగితే నేను అన్నది ఇదీ అని ఉండాలని ఈ ఉత్తరం నకలు పాస్టరు గారికి కూడా ఇస్తున్నాను. అందుకే చివర సాక్షులను పెట్టించాను. నువ్వు దీన్ని జాగ్రత్తగా దాచు, పచ్చడి సీసా కింద పరచకు.

ఇక నీ సంగతి. నీళ్లు మానేస్తానన్న మాట నేను ఒప్పుకోను. మనసులో తలుచుకుంటే చాలు అంటే, మీ భంతే ఆ పూట భోజనం కూడా మనసులోనే చేయొచ్చు గదా? నిర్మల పేరు మీద చెంబు లేవాల్సిందే, ధార తెగకుండా పడాల్సిందే. పుణ్యం చేరుతుందని నేను నమ్మను. నువ్వు నమ్ముతావు, అది చాలు నాకు. నీ చేతి కోసం నేను రోజూ ప్రార్థన చేస్తాను. నీకు ఇష్టం లేకపోయినా చేస్తాను. వద్దని చెప్పడానికి నీకు పైన ఎవరూ తెలియరు గదా. నిలదీయాలనిపించిన రోజున నిలదీయి తమ్మీ. ఆయన లేడనుకుంటే గాలికి పోతుంది. ఉంటే పడతాడు. నేను ఆయన్ని ఎన్ని తిట్టలేదు!

గుండీల చొక్కాలు మానెయ్యి. షాహీన్ నీకు తలలోంచి తొడుక్కునే జుబ్బాలు కుడుతోంది, కొలతలు నా అందాజా.

జూలైలో వస్తున్నాను. భంతే గారికి ముందే చెప్పి పెట్టు, చదివేది ఈసారి కాస్త జల్దీ చదవమని. నా చేయి కూడా ముసలిదే.

పైన ఉన్నదంతా నా నోట చెప్పి, చదివించుకుని విని, ఒప్పుకుని వేసిన ముద్ర.

ఇనపనూరి సలోమమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర

రాసినది: షాహీన్

సాక్షులు:
ద్వాలి
రమణ, కోటేష్ గారి భార్య